థిన్ క్లయింట్ సర్వర్లలో నెట్‌వర్క్ విభజన

ఒకే థిన్ క్లయింట్ సర్వర్ మీద పనిచేసే వేర్వేరు వర్గాల వాడుకరులు తమకు అనుమతి ఉన్న నెట్‌వర్క్‌లను మాత్రమే చేరుకునేలా చేసే ఏర్పాటును నెట్‌వర్క్ విభజన అంటారు. బడిలో విద్యార్థులూ కార్యాలయ సిబ్బందీ, గ్రంథాలయంలో పాఠకులూ ఉద్యోగులూ ఒకే సర్వర్‌ను వాడుకునే చోట ఇది చాలా ముఖ్యం. జీతాల లెక్కలు, మార్కుల జాబితాలు ఉన్న యంత్రం విద్యార్థి బ్రౌజర్‌కు అందకూడదు.

నేపథ్యం

థిన్ క్లయింట్ తెర, కీబోర్డు, మౌస్ పనులకే పరిమితమైన కంప్యూటర్. ప్రోగ్రాములన్నీ సర్వర్‌లో నడుస్తాయి. మైక్రోసాఫ్ట్ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌ను విడుదల చేసింది. 1999లో జిమ్ మెక్‌క్విలన్ మొదలుపెట్టిన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్ (ఎల్‌టీఎస్‌పీ) పాత కంప్యూటర్లను బడుల్లో మళ్లీ పనికి తెచ్చింది. 2019లో తిరగరాసిన ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రాములు మామూలుగా క్లయింట్‌లోనే నడుస్తాయి. కింద చెప్పే చిక్కు ముఖ్యంగా పాత తరహా ఏర్పాటుది.

సమస్య మూలం

నెట్‌వర్క్‌ను విడదీయాలనగానే ముందు తోచేది వీల్యాన్, అంటే ఒకే తీగల మీద వేర్వేరు నెట్‌వర్క్‌లను నడిపే పద్ధతి. 1998 నాటి ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం 4,094 వీల్యాన్‌లకు వీలు కల్పిస్తుంది. విద్యార్థుల గదికి 10, కార్యాలయానికి 20 అని కేటాయిస్తే రెండు గదుల క్లయింట్లూ వేరవుతాయి. అయితే ఆ తీగల మీద నడిచేది ప్రధానంగా తెర బొమ్మ, మీటల నొక్కులే. విద్యార్థి తెరిచిన బ్రౌజర్ సర్వర్‌లో నడుస్తుంది కాబట్టి దాని ప్యాకెట్లు సర్వర్ చిరునామాతోనే బయలుదేరతాయి. ఒకే ప్రహరీలో ఎన్ని వాటాలున్నా వీధి గుమ్మం ఒక్కటే అయినట్టు, బయటి ఫైర్‌వాల్‌కు అందరూ ఒకే చోటి నుంచి వస్తున్నట్టు కనబడతారు. సర్వర్ రెండు వీల్యాన్‌లకూ కలిసి ఉంటే విద్యార్థి ప్రోగ్రాము కార్యాలయ వీల్యాన్‌ను నేరుగా చేరుకుంటుంది. ఒక నెట్‌వర్క్ ప్యాకెట్లను మరో నెట్‌వర్క్‌కు అందించే ఐపీ ఫార్వార్డింగ్‌ను ఆపినా ఇది ఆగదు, ఎందుకంటే ఆ ప్యాకెట్లు పుట్టేది సర్వర్‌లోనే. అందుకే విభజన సర్వర్ లోపల, ప్రాసెస్ స్థాయిలో జరగాలి.

వాడుకరి సంఖ్యను బట్టి వడపోత

లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ వాడుకరి సంఖ్య, వర్గ సంఖ్య ఉంటాయి. లినక్స్ ఫైర్‌వాల్ సాధనం ఐపీటేబుల్స్‌లోని ఓనర్ మాడ్యూల్ బయటికి పోయే ప్యాకెట్‌ను ఈ సంఖ్యలతో సరిచూస్తుంది. దాన్ని ఆపవచ్చు, లేదా గుర్తు వేసి వేరే రూటింగ్ పట్టికకు మళ్లించవచ్చు. గుర్తు వేసే లోపే పంపే చిరునామా ఖరారవుతుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ దాటేటప్పుడు దాన్ని మార్చే మాస్కరేడ్ నియమం కూడా అవసరమవుతుంది. 2017లో వచ్చిన లినక్స్ 4.10 నుంచి వాడుకరి సంఖ్యల శ్రేణిని రూటింగ్ నియమంలోనే రాయవచ్చు.

ఈ పద్ధతిలో తరచుగా కనబడే లొసుగు డీఎన్ఎస్. పేర్ల విచారణను సర్వర్‌లోని ఉమ్మడి సేవ చేస్తుంటే, ఆ ప్యాకెట్ మీద ఉండేది సేవ సంఖ్యే గాని విద్యార్థి సంఖ్య కాదు. నియమం దాన్ని వదిలేస్తుంది. ఉమ్మడి ప్రాక్సీతోనూ ఇదే ఇబ్బంది.

నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు

ఇంతకంటే గట్టి మార్గం నేమ్‌స్పేస్. ఒక్కో నేమ్‌స్పేస్‌కు సొంత ఇంటర్‌ఫేస్‌లు, రూటింగ్ పట్టిక, ఫైర్‌వాల్ నియమాలు, లూప్‌బ్యాక్ ఉంటాయి. లాగిన్ సమయంలోనే విద్యార్థి సెషన్‌ను విద్యార్థుల నేమ్‌స్పేస్‌లోకి పంపితే, కార్యాలయ వీల్యాన్ ఇంటర్‌ఫేస్ అక్కడ అసలు ఉండదు. ఒక వర్గం 127.0.0.1 మీద నడిపే సేవ రెండో వర్గానికి అందదు. అయినా ఫైల్ వ్యవస్థలోని యునిక్స్ సాకెట్లు ఈ గోడను దాటతాయి. ప్రింటింగ్ వంటి ఉమ్మడి సేవలకు ఫైల్ అనుమతులు విడిగా బిగించాలి.

ఇతర మార్గాలు

విండోస్ సర్వర్ 2008 ఆర్2లో వచ్చిన రిమోట్ డెస్క్‌టాప్ ఐపీ వర్చువలైజేషన్ ప్రతి సెషన్‌కూ విడి చిరునామా ఇవ్వగలదు. అప్పుడు బయటి ఫైర్‌వాల్ సెషన్లను వేరుచేసి చూడగలుగుతుంది. ఒక్కో వర్గానికి ఒక్కో వర్చువల్ యంత్రం ఇస్తే కెర్నెల్ కూడా వేరవుతుంది, కాకపోతే మెమొరీ ఖర్చు పెరుగుతుంది.

పరీక్ష, పరిమితులు

ప్రతి వర్గం ఖాతాతో లాగినై రెండో వర్గం చిరునామాలు, డీఎన్ఎస్, లూప్‌బ్యాక్ అందుతున్నాయేమో చూడాలి. ఐపీటేబుల్స్ నియమాలు ఐపీవీ4కే వర్తిస్తాయి. ఐపీవీ6కు ఐపీ6టేబుల్స్‌లో విడిగా రాయకపోతే ఆ దారి తెరిచే ఉంటుంది. నియమాలు, నేమ్‌స్పేస్‌లు రెండూ ఒకే కెర్నెల్ మీద ఆధారపడతాయి. రూట్ అధికారం చేజిక్కినవారికి ఇవి అడ్డు కావు. కాబట్టి పరీక్ష పత్రాలు, జీతాల వంటి సున్నితమైన సమాచారంతో పనిచేసేవారికి వేరే సర్వర్ ఇవ్వడమే క్షేమం.