ఉన్ని మిల్లులో పుట్టి మన వాకిట్లోకి వచ్చిన గడ్డి మిషను



హోసూరు, కోయంబత్తూరు వైపు కొత్తగా ఇళ్ళు కట్టుకున్న మన సభ్యులు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఒకే ప్రశ్న అడిగారు. "ఇంటి ముందర కొంచెం లాన్ వేశాం. వెనకనుండి తోసుకుంటూ పోయే గడ్డి మిషను ఒకటి కొనాలి. ఏది కొనేది?" అని. ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ మిషను ఎక్కడ పుట్టింది, ఎందుకు ఇన్ని రూపాలు మారింది అని తెలిస్తే, అంగడివాడు చెప్పేదాంట్లో ఏది నిజమో ఏది అమ్ముకునే మాటో మనకే తెలిసిపోతుంది. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందు మన సంగతి. మన పూర్వీకులకు గడ్డి తీయడమే తెలుసు, పెంచడం తెలీదు. విజయనగరం కాలంలో, నాయక రాజుల కాలంలో ఇటు వచ్చి కరిసల్ నేలల్లో స్థిరపడిన కుటుంబాలకు గరిక అంటే పంటకు శత్రువు. ఎంత తవ్వి తీసినా లోపల ఒక ముక్క మిగిలితే చాలు, మొదటి వానకే చిగురిస్తుంది. అదే గరిక వినాయకుడి పూజకు కావాలి. తమిళంలో దాన్నే అరుగంపుల్ అంటారు. మర్రి మాదిరి విస్తరించి, అరుగు మాదిరి వేరు దిగి బతకండి అని ఇక్కడ పెళ్ళిళ్ళలో దీవిస్తారు. పరాయి నేలకు వచ్చి వేరు దిగిన మనలాంటి వాళ్ళకు అంతకన్నా సరిపోయే దీవెన ఇంకోటి లేదు.

కానీ ఇంటి ముందర మాత్రం ఒక్క గడ్డిపోచ ఉండకూడదు. పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి ముగ్గు వేసే తావు అది. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం.

మరి ఇంటి ముందర గడ్డి పెంచి, దాన్ని అంగుళం ఎత్తుకు కత్తిరించి చూసుకునే అలవాటు ఎక్కడిది? అది ఐరోపా దొరలది, ముఖ్యంగా ఇంగ్లండు, ఫ్రాన్సు దొరలది. పంట పండించకుండా, పశువులను మేపకుండా అంత నేలను ఊరికే పచ్చగా వదిలేయగలిగానంటే నా దగ్గర ఎంత ఆస్తి ఉందో చూడు అని చెప్పడమే దాని అర్థం. ఆ గడ్డిని కోయడానికి పొడుగు పిడి కొడవళ్ళు పట్టుకున్న కూలీలు తెల్లవారకముందే దిగేవాళ్ళు. మంచు తడి ఉన్నప్పుడే గడ్డి కొడవలికి బాగా తెగుతుంది. చేతివాటం బాగా ఉన్నవాడు కోస్తేనే నేల సమంగా ఉండేది. లేకపోతే మెట్లు మెట్లుగా కనిపించేది. కాబట్టి లాన్ అనేది జీతం ఇచ్చి మనుషులను పెట్టుకోగలిగిన వాళ్ళకే.

దీన్ని మార్చిన మనిషి తోటమాలి కాడు, మిల్లు మెకానిక్. పేరు ఎడ్విన్ బడ్డింగ్. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ జిల్లా స్ట్రౌడ్ ఊరి దగ్గర ఉన్ని బట్టల మిల్లులు ఎక్కువ. సైనికుల ఎర్ర కోట్ల బట్ట ఆ లోయలోనే నేసేవాళ్ళు. మనలో నేతపని చేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది సులభంగా అర్థమవుతుంది. ఉన్ని బట్ట నేసిన తరువాత పైన నూగు లేస్తుంది. దాన్ని సమంగా కత్తిరిస్తేనే బట్ట నున్నగా వస్తుంది. ఆ పనికి ఒక మిషను ఉండేది. ఒక రోలరు చుట్టూ మెలితిరిగిన కత్తులు, కింద కదలకుండా ఒక తిన్నని కత్తి. రోలరు తిరిగేటప్పుడు నూగు ఈ రెండింటి మధ్య పడి కత్తెరలో పడినట్టు తెగుతుంది. బట్ట మీద నూగును కత్తిరించేది నేల మీద గడ్డిని ఎందుకు కత్తిరించదు అని బడ్డింగ్ ఆలోచించాడు. 1830 ఆగస్టు 31న పేటెంటు తీసుకున్నాడు. జనం చూసి పిచ్చివాడనుకుంటారని రాత్రిపూట చీకట్లో నడిపి చూశాడని ఒక కథ కూడా చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ, ఊళ్ళో కొత్త పని మొదలుపెట్టిన ఎవరికైనా ఆ భయం ఉండేదే.

జాన్ ఫెరాబీ అనే ఫౌండ్రీ యజమాని పెట్టుబడి పెట్టి ఆ మిషన్లు పోతపోశాడు. మొదటిదాని కోత వెడల్పు 19 అంగుళాలు. అంతా పోత ఇనుము, చాలా బరువు. వెనక ఒకడు తోస్తే ముందర ఒకడు లాగాలి. లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాల మొదట్లో కొన్నవాళ్ళలో ఒకటి. 1832 నుండి ఇప్స్‌విచ్ ఊరి రాన్సమ్స్ కంపెనీ లైసెన్సు తీసుకుని తయారు చేసింది. రైల్వేలో పని చేసినవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. ఆ కుటుంబం కంపెనీయే పట్టాలను స్లీపర్ల మీద నిలబెట్టే ఇనుప చెయిర్లు కూడా పోసేది. తరువాత 1869లో రైల్వే పనిని వేరుచేసి రాన్సమ్స్ అండ్ రేపియర్ అని పెట్టారు. అంటే పట్టాల చెయిర్లూ, గడ్డి మిషనూ ఒకే కంపెనీలో తయారయ్యాయన్నమాట. బడ్డింగ్ మాత్రం 1846లోనే పోయాడు. తన మిషను ఇంటింటికీ చేరడం చూడలేదు.

తరువాత కథ వేగంగా చెబుతాను. 1842లో స్కాట్లండులో అలెగ్జాండర్ షాంక్స్ పొట్టి గుర్రం లాగే మిషను చేశాడు. డెక్కల గుర్తు గడ్డిలో పడకుండా గుర్రాల కాళ్ళకు తోలు బూట్లు తొడిగేవాళ్ళు. మన దేశంలో గుర్రం బదులు ఎద్దు వచ్చింది. తాజ్‌మహల్ తోటలో ఎద్దు గడ్డి మిషను లాగే ఫోటోలు మీలో కొందరు చూసే ఉంటారు. 1859లో లీడ్స్ ఊరి థామస్ గ్రీన్ పళ్ళచక్రాలు తీసేసి చెయిను పెట్టాడు. చప్పుడు తగ్గింది. అందుకే దానికి లాటిన్‌లో "చప్పుడు లేని కోతగాడు" అనే అర్థంతో సైలెన్స్ మెస్సార్ అని పేరు పెట్టాడు. 1870 తరువాత అమెరికాలో తేలిక మిషన్లు వచ్చాయి. ఒక్క మనిషి తోసుకోగలిగినవి. లాన్ దొర చేతిలోనుండి గుమాస్తా చేతికి వచ్చింది అప్పుడే.

1893లో జరిగింది మన హోసూరు వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లండు లాంకషైర్‌లోని లేలండ్ అనే ఊళ్ళో జేమ్స్ సమ్నర్ అనే కమ్మరి ఆవిరితో నడిచే గడ్డి మిషను చేసి పేటెంటు తీసుకున్నాడు. అది బాగా అమ్ముడుపోయింది కాదు. ఆవిరి పుట్టేదాకా కాచుకోవాలి, బరువు ఎక్కువ. కానీ ఆ కమ్మరి కొలిమే 1896లో ఆవిరి బండ్ల కంపెనీ అయింది, 1907లో లేలండ్ మోటార్స్ అయింది. మన మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ వాళ్ళతో కలిసి 1955లో అశోక్ లేలండ్ అయింది. హోసూరులో ఆ ఫ్యాక్టరీ జీతంతో ఇల్లు కట్టుకుని ఇప్పుడు గడ్డి మిషను వెతుకుతున్న తమ్ముడూ, నీ కంపెనీ ముత్తాత చేసింది గడ్డి మిషనే!

1902లో రాన్సమ్స్ పెట్రోలు మిషను అమ్మకానికి తెచ్చింది. ఆవిరి పని అయిపోయింది. కానీ అప్పటిదాకా వచ్చినవన్నీ బడ్డింగ్ కత్తెర పద్ధతే. దీన్ని రీల్ లేక సిలిండర్ మిషను అంటారు. రెండో జాతి వేరే. అడ్డంగా, ఫ్యాను మాదిరి, ఒక కత్తి చాలా వేగంగా తిరిగి గడ్డిని కొట్టేస్తుంది. దీనిది రోటరీ జాతి. దీన్ని ఇంటింటికీ చేర్చినవాళ్ళలో ముఖ్యుడు ఆస్ట్రేలియా సిడ్నీలో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్. 1952లో తన ఇంటి గరాజులో, పీచు పళ్ళ డబ్బాను పెట్రోలు ట్యాంకుగా బిగించి మొదటిది చేశాడు. అదే విక్టా. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో గడ్డి మిషన్లు ఊరేగాయంటే ఆ దేశంలో దానికి ఎంత మర్యాదో చూడండి. 1960లలో స్వీడన్‌కు చెందిన కార్ల్ డాల్‌మన్ చక్రాలే లేకుండా గాలి మీద తేలే ఫ్లైమో చేశాడు.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూద్దాం. 46 సెంటీమీటర్ల రోటరీ కత్తి నిమిషానికి 3000 సార్లు తిరిగితే దాని కొన గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో పోతుంది. వందే భారత్ కూడా అంత వేగంగా పోదు. కత్తికి తగిలిన గులకరాయి కూడా దాదాపు ఆ వేగంతోనే బయటికి వస్తుంది. అమెరికాలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు లెక్కకు మించిపోతే, 1982లో ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. వెనకనుండి తోసే రోటరీ మిషను హ్యాండిల్‌కు ఒక కమ్మీ ఉండాలి. చెయ్యి వదిలితే 3 సెకన్లలో కత్తి ఆగాలి. ఎలక్ట్రిక్ లోకల్ రైళ్ళలో మోటర్‌మాన్ పట్టుకునే డెడ్‌మాన్ హ్యాండిల్ ఇదే. చెయ్యి వదిలితే బండి ఆగుతుంది.

మా రైల్వే కాలనీలో తోటపని చేసే పెద్దాయన ఒకరు, తడిగడ్డి ఇరుక్కుని కత్తి ఆగిపోతే, ప్లగ్గు తీయకుండానే చెయ్యి పెట్టారు. అడ్డం తొలగగానే కత్తి తిరిగింది. రెండు వేళ్ళు పోయాయి. ఆ మిషను కమ్మీని ఎవరో ముందే తీగతో కట్టేసి ఉన్నారు, మాటిమాటికి పట్టుకోవడం చెయ్యి నొప్పి అని. ఆ తరువాత ఆయన చేత్తో ముద్ద కలుపుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆ తీగే గుర్తొచ్చేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు కొనే సంగతి. వరుసగా చెబుతాను.

1. నేల కొలత. ఒక గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు. ఇల్లు పోగా గడ్డికి మిగిలేది చాలామందికి 400 లోపే, అంటే 37 చదరపు మీటర్లు. 30 సెంటీమీటర్ల మిషనుతో, వరుస మీద వరుస కొంచెం ఎక్కేటట్టు కోసినా మొత్తం నడక 150 మీటర్లు. ఒక ఎల్‌హెచ్‌బీ పెట్టె సుమారు 24 మీటర్లు, కాబట్టి ఏడు పెట్టెల దూరం కూడా కాదు. దీనికి ఇంజను ఎందుకు? చేత్తో తోసే రీల్ మిషను చాలు. కరెంటు వద్దు, పెట్రోలు వద్దు, చప్పుడు లేదు, కోత కూడా నున్నగా వస్తుంది. బడ్డింగ్ తాత మాట ఇప్పటికీ చెల్లుతుంది.

2. గడ్డి రకం. రీల్ మిషనుకు నేల సమంగా ఉండాలి, గడ్డి పొట్టిగా ఉండాలి. వారానికి ఒకసారి కోసేవాళ్ళకే అది. ఐప్పసి, కార్తీక వానల్లో ఊరికి పోయి నెల తరువాత వచ్చి మోకాలెత్తు గడ్డిని కోయాలంటే రీల్ మొరాయిస్తుంది. అప్పుడు రోటరీయే గతి.

3. కరెంటు తీగ మిషను. అయిదారు సెంట్ల లోపు బాగుంటుంది, ధర తక్కువ. కానీ తడిగడ్డిలో వాడకండి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే కొనకండి. తీగను భుజం మీదనుండి వెనక్కి వేసుకుని, ప్లగ్గు దగ్గరనుండి మొదలుపెట్టి దూరంగా పోతూ కోయాలి.

4. బ్యాటరీ మిషను. డబ్బా మీద వోల్టులు మాత్రం చూసి మోసపోకండి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు అంటే 144 వాట్ అవర్లు. మోటారు 500 వాట్లు తాగితే 17 నిమిషాలు వస్తుంది. మీ నేలకు అది చాలునా? బ్యాటరీ ఒక్కటే కొనాలంటే ఎంత అని కూడా ముందే అడగండి. కొన్నేళ్ళకు ఆ ఖర్చు తప్పదు.

5. పెట్రోలు మిషను. పది సెంట్లంటే 4356 చదరపు అడుగులు. 40 సెంటీమీటర్ల మిషనుతో కిలోమీటరు పైన నడక. అక్కడ పెట్రోలు న్యాయమే. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, తేమ పీలుస్తుంది. నెలల తరబడి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.

6. ఏదైనా సరే, మీ ఊళ్ళో కత్తి పదును పెట్టేవాడు, స్పేరు ఇచ్చేవాడు ఉన్నాడా అని చూడండి. రీల్ కత్తి సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఒక కాగితం ముక్క పెట్టి, వేళ్ళు దూరంగా ఉంచి, మెల్లగా తిప్పండి. కత్తెరతో కోసినట్టు తెగాలి. రోటరీలో కమ్మీ వదిలితే కత్తి ఎంతసేపటికి ఆగుతుందో అంగడిలోనే చూడండి. ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతు కన్నా ఎక్కువ తీయకండి. వేరు చస్తుంది.

ఇంకో రెండు మాటలు. 2019 ఎండాకాలం మద్రాసులో బిందె నీళ్ళకు లారీ వెనక ఎలా నిలబడ్డామో మరిచిపోకండి. లాన్ నీళ్ళు తాగుతుంది. బయటినుండి తెచ్చిన కొత్త రకాలకన్నా మన గరిక ఎండకు తట్టుకుంటుంది, ఎండినా మళ్ళీ లేస్తుంది. తాతలు తవ్వి పారేసిందాన్నే మనవళ్ళు డబ్బిచ్చి నాటుకుంటారు, కాలం అలాంటిది. ఎంత లాన్ వేసినా గడప ముందర నాలుగడుగుల నేల ముగ్గుకు వదలండి.

రెండోది, ఇన్నాళ్ళు కొడవలి పట్టుకుని మీ ఇంట్లో గడ్డి కోసినాయన ఉంటే, మిషను వచ్చిందని ఆయన్ను మానిపించకండి. మిషను ఆయనకే నేర్పించండి, కూలి తగ్గించకండి. కమ్మీకి తీగ కట్టకూడదని, చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయాలని, పెట్రోలుదైతే ఇంజను ఆపి స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీయాలని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇప్పటికే మిషను వాడుతున్న సభ్యులు మీ నేల ఎన్ని సెంట్లు, ఏ రకం మిషను, ఎన్నేళ్ళు పనిచేసింది అని కింద రాయండి. కొత్తగా కొనేవాళ్ళకు ప్రకటనకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.