నీళ్ల మీది ముడి

తిండి నీళ్ల మీద పెరిగే చోటు దొరికేదాకా పడమరకు నడవమని అనిషినాబే ప్రజల వలసగాథ చెబుతుంది. వాళ్లు చేరిన చోట్లలో అమెరికాలోని మినెసోటా సరస్సులు కూడా ఉన్నాయి. ఆ తిండి మనూమిన్, మన వరికి దూరపు చుట్టం. దున్నే పని లేదు. పడవలోకి దులిపేటప్పుడు నీళ్లలో రాలిన గింజే మరుసటేటికి విత్తనం.

అక్కడి వైట్ ఎర్త్ రిజర్వేషన్ గురించి చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది ఒక తాడు దగ్గర. కోతకు ముందే ఆడవాళ్లు పడవల్లో వెళ్లి, కంకుల్ని గుత్తులుగా వంచి, చెట్టు లోపలి బెరడుతో పేనిన తాడుతో కట్టేవారు. పిట్టల నుంచీ గాలి నుంచీ గింజ దక్కడానికి. ఈ గుత్తులు ఫలానా ఆమె ఇంటివి అని కూడా ఆ ముడి చెప్పేది. ఓజిబ్వే చరిత్రకారిణి బ్రెండా చైల్డ్ ఇందులో స్త్రీల శ్రమనే కాదు, నీళ్ల మీద వాళ్ల ఆస్తిహక్కునూ చూసింది.

ఆ హక్కుకు పట్టా లేదు. పట్టాలు నేల మీద పుట్టాయి. 1867 ఒప్పందంతో ఏర్పడ్డ రిజర్వేషన్‌ను 1889 నెల్సన్ చట్టం మనిషికింతని ముక్కలు చేసింది. మిశ్రమ రక్తం ఉన్న పెద్దవాళ్లు తమ వాటా అమ్ముకోవచ్చని 1906లో సెనేటర్ మోజెస్ క్లాప్ ఒక సవరణ తగిలించాడు. మరి ఎవరిది మిశ్రమం? తేల్చడానికి తర్వాతి దశాబ్దంలో మానవశాస్త్రవేత్తలొచ్చారు. అలెష్ హర్డ్‌లిచ్కా ఛాతీ మీద గీరి, చర్మం ఎలా ఎరుపెక్కుతుందో చూశాడు! అప్పటికే పైన్ అడవులు కలప కంపెనీల పాలయ్యాయి.

1930ల మాంద్యంలో మగవాళ్లు ఈ పనిలోకి పెద్దఎత్తున వచ్చారంటుంది చైల్డ్. దీన్ని సంప్రదాయ పతనంగా రాయడం నాకు ఇష్టం లేదు. అడవీ నేలా పోయాక వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు?

2018 డిసెంబరులో వైట్ ఎర్త్ ప్రభుత్వం మనూమిన్‌కే బతికే హక్కు ఉందని చట్టం చేసింది. లైన్ 3 చమురు గొట్టం పనికి సుమారు 500 కోట్ల గ్యాలన్ల నీళ్లు తోడుకోవచ్చని రాష్ట్రం అనుమతిస్తే, 2021లో ఆ మొక్క పేరుతోనే గిరిజన కోర్టులో కేసు వేశారు. రిజర్వేషన్ బయట బయటివాళ్లు చేసే పని మీద తమకు అధికారం లేదంటూ 2022 మార్చిలో వైట్ ఎర్త్ అప్పీలు కోర్టే దాన్ని కొట్టేసింది. అప్పటికి నెలల ముందునుంచే గొట్టంలో చమురు పారుతోంది.