కత్తి మీద పాట

ముందు ఈ కత్తిని హంతకుడి చేతిలోంచి తప్పిద్దాం. దంతపు పిడి, ఉక్కు అలుగు మీద బంగారు పూత, చివర వాడి మొన... చూడగానే కుట్రలూ కుత్తుకలూ గుర్తొస్తాయి నిజమే. 1550 ప్రాంతంలో ఇటలీలో తయారైంది. ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కానీ పొడవడానికి చేసిన కత్తికి అంత వెడల్పు అలుగు దేనికి? అడ్డంగా పట్టుకుంటే మాంసం ముక్క దాని మీద చక్కగా నిలుస్తుంది. అంటే వడ్డన కత్తి.

కేసు అక్కడితో మూసేయొచ్చు. అలుగు మీద సంగీతం చెక్కి ఉండకపోతే!

ఒక పక్క భోజనానికి ముందు ప్రార్థన: తినబోయేదాన్ని త్రియేక దేవుడు దీవించాలని. రెండో పక్క, తిన్నాక చెప్పుకునే కృతజ్ఞత. లాటిన్ మాటలు, వాటికి గీతల మీద స్వరాలు. మాంసం కోసేవాడు పాడుకోవడానికా? గొప్పవాళ్ల విందుల్లో ఆ పనికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. ఆ విద్య మీద విన్సెంజో చెర్వియో రాసిన పుస్తకం 1581లో వెనిస్‌లో అచ్చయింది కూడా. కానీ ఎంత నేర్పరి అయినా అతనికున్నది ఒక్క గొంతే. ఈ పాటకి అది చాలదు.

ఎందుకంటే కత్తి మీద ఉన్నది పాటలో ఒక ముక్కే. మన భజనలో అందరిదీ ఒకే వరుస. ఈ కత్తి పాటలో ఒక్కో గొంతుది ఒక్కో వరుస, అన్నీ కలిస్తేనే పాట. అప్పటి సంగీత పుస్తకాలనూ గొంతుకొకటి చొప్పున విడివిడిగా అచ్చు వేసేవారు. ఇలాంటి కత్తులు పారిస్ లూవ్ర్‌లో ఉన్నాయి, ఫిలడెల్ఫియాలో ఉన్నాయి. ఏ గొంతుదో కత్తి మీదే రాసి ఉంటుంది. ఒకే బల్ల చుట్టూ తిరగాల్సిన జట్లు ఇలా ఊళ్లు పట్టిపోయాయి.

ఇక ఆ విందు ఇలా నడిచి ఉండాలి. పళ్లేలు సర్దారు. ఇంకా ఎవరూ ముట్టలేదు. అతిథులు తలా ఒక కత్తి తీసి, అలుగును దీపం వెలుగుకి తిప్పి పట్టుకున్నారు. రాజాస్థానంలో మసలేవాడికి స్వరాలు చూసి పాడటం రావాలని ఇటలీ రచయిత కాస్టిల్యోనె పుస్తకం 1528లోనే చెప్పింది కాబట్టి తెల్లమొహం వేస్తే పరువు పోతుంది. ఒకరు ఎత్తుకున్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. చిన్న పాట, ఇట్టే అయిపోతుంది. తర్వాత భోజనం. చివర్లో కత్తి తిరగేసి కృతజ్ఞత పాడాలి.

తిరగేస్తే ఏముంటుంది? జిడ్డు! మధ్యలో ఈ కత్తితోనే మాంసం కోసి ఉంటే, సన్నటి ఆ స్వరాల మీద కొవ్వు పేరుకుని ఉంటుంది. నౌకరు ఎవరో తుడిచి మళ్లీ చేతికందించాలి. అందుకే ఇది పెద్దగా కోసిందని నేననుకోను. రోజూ పాడే ఆ నాలుగు మాటలు ఎవరికైనా నోటికొచ్చేస్తాయి, చూసి పాడాల్సిన అవసరమే లేదు. చెక్కించడంలో భక్తి కొంత, మా బల్ల దగ్గర కూర్చునేవాళ్లందరికీ సంగీతం వచ్చునని చాటుకోవడం ఎంతో. కోత పని వేరే కత్తులు చూసుకుని ఉంటాయి.