మారని వాక్కు, మన అవగాహన



అల్లాహ్ వాక్కులను మార్చగలవారు ఎవరూ లేరని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల ప్రకటించింది. అల్-అన్ఆమ్ సూరా 34, 115 ఆయత్‌లలోనూ, అల్-కహఫ్ సూరా 27వ ఆయత్‌లోనూ ఈ మాట ఉంది. ఇక్కడ వాక్కు అంటే ఏమిటి? పూర్వ విద్వాంసులు దీనిని ఎలా గ్రహించారో తెలుసుకుందాం.

అల్-అన్ఆమ్ మక్కాలో అవతరించిన సూరా. నాడు విశ్వాసులు కొద్దిమంది, వారిపై హింస అపారం. 34వ ఆయత్ గత ప్రవక్తల సహనాన్నీ, వారికి అందిన దైవసహాయాన్నీ జ్ఞాపకం చేసింది. అందుకే ఇమామ్ తబరీ (839–923) తన తఫ్సీర్‌లో ఇక్కడి వాక్కును, తన ప్రవక్తకు అల్లాహ్ చేసిన విజయ వాగ్దానంగా వివరించారు. ఆ వాగ్దానం తప్పదు.

గ్రంథ పరిరక్షణను అల్-హిజ్ర్ సూరా 9వ ఆయత్‌లో అల్లాహ్ తానే వహించాడు. యమామా యుద్ధంలో అనేకమంది ఖుర్ఆన్ పారాయణకారులు అమరులు కాగా, హజ్రత్ ఉమర్ (రజి) సలహాపై హజ్రత్ అబూబక్ర్ (రజి) సంకలన బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. ఆయన స్వయంగా వహీ లేఖకులు. అయినా తన జ్ఞాపకంతోనే సరిపెట్టుకోలేదు. ఖర్జూర మట్టలపై, పలుచని రాళ్లపై ఉన్న లిఖితాలనూ, ఇతరుల హృదయాలలో నిలిచిన ఆయత్‌లనూ సేకరించారు. అనంతరం హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించి వివిధ ప్రాంతాలకు పంపారు.

పాఠం విషయంలో ఇంత కట్టుదిట్టం పాటించిన సమాజమే భావ వివరణలో విశాలత చూపింది. తబరీ ఒక్కొక్క ఆయత్‌కు భిన్నాభిప్రాయాలను ఉల్లేఖకుల పరంపరతో సహా నమోదు చేసి, తమకు సరైనదనిపించినదానిని కారణాలతో ఎంచుకునేవారు. తాము అంగీకరించని అభిప్రాయాన్ని సైతం పాఠకుని ముందుంచేవారు. తమ మాట చివర ‘అల్లాహు ఆలమ్’, అనగా అల్లాహ్‌కే బాగా తెలుసు అని చేర్చడం విద్వాంసుల సంప్రదాయం.

ఎవరికి తోచిన అర్థం వారు చెప్పవచ్చునని దీని భావం కాదు. అరబీ భాష, అవతరణ సందర్భం, హదీసులు తెలియనిదే వ్యాఖ్యానం తగదు. మనం చదివే తెలుగు అనువాదం కూడా మానవుని అవగాహనయే. అందుకే నమాజులో మూలాన్నే పఠిస్తాం.

సోదరులారా! ఒక ఆయత్ భావంపై వాదం చెలరేగినప్పుడు, ఎదుటి సోదరుడు అల్లాహ్ వాక్కునే కాదన్నాడని తొందరపడి తీర్పు చెబుతాం. తరచుగా అతడు కాదన్నది మన అవగాహనను మాత్రమే. మార్పులేనితనం అల్లాహ్ వాక్కుకు చెందిన గుణం. దానిని మన అభిప్రాయానికి అంటగట్టి జమాఅత్‌ను చీల్చడం ఘోరమైన సాహసం.

అల్లాహ్ మనకు తన గ్రంథంపై దృఢ విశ్వాసాన్నీ, దానిని గ్రహించడంలో వినమ్రతనూ ప్రసాదించుగాక! ఆమీన్.