కౌలుకిచ్చిన ఖైదీలు

2018 ఫిబ్రవరి. టెక్సస్‌లో హ్యూస్టన్‌ను ఆనుకుని ఉన్న షుగర్‌ల్యాండ్ పట్టణం. స్కూలు భవనం కోసం నేల తవ్వుతున్న మెషీన్ డ్రైవర్‌కి మట్టిలో ఎముక కనిపించింది. పని ఆపేశారు. పురావస్తు నిపుణులు వచ్చి జాగ్రత్తగా తవ్వుతూ పోతే ఒకటి కాదు, రెండు కాదు, 95 సమాధులు బయటపడ్డాయి. అందరినీ చెక్క పెట్టెల్లో పెట్టి పూడ్చారు. ఏ సమాధి మీదా పేరు లేదు. ఆ చుట్టుపక్కల మట్టిలో తుప్పు పట్టిన గొలుసు ముక్కలు దొరికాయి.

షుగర్‌ల్యాండ్ మనవాళ్లకు కొత్త పేరేమీ కాదు. 2024 ఆగస్టులో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని ప్రతిష్ఠించింది ఆ ఊరి అష్టలక్ష్మి ఆలయంలోనే. ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డాయి. ఊరి పేరులోని ఆ చక్కెర ఎవరి చెమటతో తయారైందో చాలామందికి తెలియదు. ఆ ఎముకలు చెప్పాయి.

95 మందిలో 94 మంది మగవాళ్లు, ఒక స్త్రీ. అందరికన్నా చిన్నవాడికి 14 ఏళ్లు, పెద్దవాడికి 70 దాకా ఉంటాయని తేల్చారు. మోయలేని బరువు ఏళ్ల తరబడి మోసిన మనిషికి కండరం అతుక్కున్న చోట ఎముక గట్టు కడుతుంది, వంకర పోతుంది. చాలామంది అస్థికల్లో ఆ గుర్తులున్నాయి, తిండి చాలని గుర్తులూ ఉన్నాయి. వీళ్లు నల్లజాతి ఖైదీలు. పెద్ద వయసు వాళ్లలో చాలామంది బానిసలుగానే పుట్టి ఉంటారు.

అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణలోనే ఒక మినహాయింపు ఉంది. నేరానికి శిక్షగా అయితే వెట్టిచాకిరీ చేయించుకోవచ్చు. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచే దూరాయి. పనిలేక తిరుగుతున్నాడనీ, పందిని దొంగిలించాడనీ నల్లవాళ్లను పట్టుకుని ఏళ్లకు ఏళ్లు శిక్షలు వేశాయి. తర్వాత, మనం పొలం కౌలుకిచ్చినట్టు, ఖైదీలను కౌలుకిచ్చాయి. టెక్సస్ 1878లో తన ఖైదీలందరినీ ఎడ్వర్డ్ కనింగ్‌హామ్, లిటిల్‌బెరీ ఎల్లిస్ అనే ఇద్దరు చెరకు తోటల యజమానులకు అప్పగించింది. మనిషికి నెలకు సుమారు 3 డాలర్లు. తిండి, బట్ట, కాపలా, మందు అన్నీ కౌలుదారు చూసుకోవాలి. ఖజానాకు ఖర్చు లేదు, పైగా ఆదాయం.

సొంత ఎద్దుకు జబ్బు చేస్తే రైతు నిద్రపోడు. పశువుల డాక్టర్ కోసం పరుగెత్తుతాడు. అద్దెకు తెచ్చిన ఎద్దు కూలబడితే? అది యజమాని నష్టం. షుగర్‌ల్యాండ్ చెరకు తోటల్లో జరిగింది అంతకన్నా ఘోరం, ఎందుకంటే ఇక్కడ అసలు యజమానికీ నష్టం లేదు. బానిసను డబ్బు పోసి కొన్నవాడు ఆ డబ్బు కోసమైనా బతికించుకునేవాడు. కౌలు ఖైదీ చస్తే జైలు నుంచి ఇంకొకడు వస్తాడు. బ్రజోస్ నది పల్లపు భూముల్లో మలేరియా దోమలు, మోకాటి లోతు బురద, చలికాలంలో చెరకు నరుకుడు. జ్వరమొచ్చినవాణ్ని పడుకోబెడితే ఆ రోజు పని పోతుంది. మందు పెడితే డబ్బు పోతుంది. రెండూ కౌలుదారు జేబులోంచే. 'బ్రజోస్ ఒడ్డున నరకం' అని జనం ఆ చోటుకి పేరు పెట్టారు.

టెక్సస్‌లో ఈ కౌలు 1910 తర్వాత ఆగింది, అన్నిటికన్నా చివర 1928లో అలబామాలో. టెక్సస్‌లో ఆ తోటలను తర్వాత ప్రభుత్వమే జైళ్లుగా నడిపింది. ఖైదీకి వైద్యం హక్కు అన్న మాట పుట్టడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. అది పుట్టింది కూడా టెక్సస్‌లోనే, ఒక పత్తి బేలు కింద.

1973 నవంబర్ 9న హంట్స్‌విల్ జైల్లో గాంబుల్ అనే ఖైదీ లారీ నుంచి పత్తి దించుతుంటే బేలు మీద పడింది. దాని బరువు 600 పౌండ్లని అతని వాంగ్మూలం, అంటే మన లెక్కలో సుమారు 270 కిలోలు. నొప్పి బిళ్లలు ఇచ్చారు. నడుముకి ఎక్స్‌రే మాత్రం తీయలేదు. పని చేయలేనంటే ఒంటరి గదిలో వేశారు. అతను తన చేత్తోనే రాసుకున్న పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1976లో జస్టిస్ థర్గుడ్ మార్షల్ తీర్పు రాశారు: ఖైదీకి తీవ్రమైన జబ్బుందని తెలిసి తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్షే. మూడు నెలల్లో 17 సార్లు వైద్య సిబ్బంది చూశారు కాబట్టి ఎక్స్‌రే తీయకపోవడం ఆ కోవలోకి రాదన్నారు. హక్కు గెలిచింది, గాంబుల్ ఓడిపోయాడు. ఈనాటికీ అమెరికా ఖైదీలు మందు కోసం కోర్టుకెక్కితే ఆ తీర్పునే పట్టుకుంటారు.

అది వచ్చి పదేళ్లు తిరగకుండానే జైలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లింది. 1983లో నాష్‌విల్‌లో కరెక్షన్స్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా పుట్టింది. ఇప్పుడు దాని పేరు కోర్‌సివిక్. స్థాపకుల్లో ఒకరైన టెరెల్ డాన్ హట్టో అంతకు ముందు టెక్సస్‌లో రామ్సే అనే పత్తి తోటల జైలుకి అధికారి. 1984 జనవరిలో కంపెనీ తొలి నిర్బంధితులను ఉంచింది హ్యూస్టన్‌లోని ఓ మోటెల్‌లో, చుట్టూ కంచె వేసి. వాళ్లు కాగితాలు లేని వలసదారులు.

ఈసారి డబ్బు కంపెనీ నుంచి ప్రభుత్వానికి కాదు. మనిషికి రోజుకింత అని ప్రభుత్వమే కంపెనీకి కడుతుంది. కానీ లెక్క పాతదే. ఇచ్చిన దాంట్లో ఖర్చు పెట్టకుండా మిగిలిందే లాభం. జీతాల తర్వాత పెద్ద ఖర్చు వైద్యం. కొన్ని ఒప్పందాల్లో జబ్బు ముదిరిన ఖైదీని చేర్చుకోకుండా ప్రభుత్వ జైలుకే వదిలేసే వీలుంది. అలా వదిలేసి, మేం చవగ్గా నడుపుతున్నామని లెక్కలు చూపడం నాకు అన్యాయంగా తోస్తుంది.

న్యూయార్క్‌లో మరో ప్రైవేటు కంపెనీ నడిపిన ఫెడరల్ ఖైదీల కేంద్రంలో గుండె జబ్బున్న ఖైదీ ఐదో అంతస్తులో ఉండేవాడు. ఐదు, ఆ కింది అంతస్తుల వాళ్లు మెట్లెక్కాలన్నది నియమం. ఇతనికి లిఫ్ట్ అనుమతి ఉండేది. 1994లో ఒకరోజు ఉద్యోగి ఒకరు లిఫ్ట్ ఎక్కనివ్వలేదు. మెట్లెక్కుతూ గుండెపోటొచ్చి పడిపోయాడు. గుండె మందు కూడా సమయానికి తెప్పించలేదన్నది అతని ఫిర్యాదు. ఫెడరల్ ప్రభుత్వం తరఫున జైలు నడిపే కంపెనీ మీద రాజ్యాంగ హక్కు కింద పరిహారం కోరడం కుదరదని 2001లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పింది. గాంబుల్ బేలు కింద పడి తెచ్చిన హక్కు కంపెనీ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఇలాంటి చోట బాధ్యుడెవరో వెతుక్కోవడమే పెద్ద పని. టెక్సస్‌లోనే పెకోస్ జైలు సొంతదారు రీవ్స్ కౌంటీ, నడిపింది జియో గ్రూప్ అనే ప్రైవేటు కంపెనీ, మందులిచ్చే కాంట్రాక్టు ఇంకో సంస్థది. 2008 డిసెంబర్‌లో మూర్ఛ ఉన్న 32 ఏళ్ల ఖైదీ అక్కడ ఒంటరి గదిలో చనిపోయాడు. శవాన్ని బయటికి తీసుకెళ్తుంటే చూసిన తోటి ఖైదీలు తిరగబడ్డారు. వాళ్లు అడిగింది సరైన వైద్యం.

ప్రభుత్వ జైళ్లు మాత్రం గొప్పవని చెప్పలేను. టెక్సస్‌లో ఖైదీలకు పనికి కూలి ఇవ్వరు. అయినా వైద్యం కోసం ఏడాదికి 100 డాలర్లు కట్టాలని 2011లో చట్టం చేశారు. 2019లో దాన్ని తగ్గించి, డాక్టర్‌కి చూపించుకున్న ప్రతిసారీ 13 డాలర్ల 55 సెంట్లు అన్నారు. ఆ డబ్బు వచ్చేది బయట ఉన్న తల్లో భార్యో పంపితేనే.

షుగర్‌ల్యాండ్ సమాధుల సంగతి ముందే చెప్పిన మనిషి ఒకరున్నారు, రెజినాల్డ్ మూర్. 1980ల్లో ఆ దగ్గరి జైల్లో కాపలా ఉద్యోగం చేసిన ఆయన, అక్కడ చూసింది మనసులోంచి పోక పాత రికార్డులు తిరగేశారు. ఆ నేల కింద మనుషులున్నారని, తవ్వే ముందు చూడమని అధికారులకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2019 నవంబర్‌లో ఆ 95 మందినీ దొరికిన చోటే మళ్లీ ఖననం చేశారు. 2020లో మూర్ కన్నుమూశారు. అప్పటికి వాళ్లలో ఒక్కరి పేరూ ఖాయం కాలేదు.