మోటుపల్లి రేవున అభయము

ఓడ దరిఁజేరిన మాత్రమున పూర్వము వర్తకునకు భయము తీరెడిది కాదు. తుపానున నొడ్డునఁబడిన నావలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును రాజులు బలిమిఁ గైకొనుచుండిరి. కడలి కరుణించినను నేల కరుణింపకుండెను.

పెదకాకానికి దక్షిణమున, బాపట్ల సీమలోని మోటుపల్లి యందు కాకతి గణపతిదేవుఁడు క్రీ.శ. 1244-45లో అభయశాసనము వేయించి యీ దురాచారమును మాన్పెను. ప్రాణములకు వెఱవక సముద్రమును దాటువారిపై జాలిగొని, కీర్తిని ధర్మమును గోరి, నియత సుంకమును మాత్రమే గ్రహించెను. ఎగుమతి దిగుమతులపై నది 30 పాళ్లలో 1 పాలు.

ఆ శతాబ్ది చివర మార్కోపోలో ఇచ్చటి సన్నని వస్త్రములను సాలెగూటితోఁ బోల్చెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డియు ఇచ్చటనే వర్తకులకు అభయమొసఁగెను.

నేఁడు మోటుపల్లి చిన్న పల్లె. పన్ను విధించుట యెల్ల ప్రభువులకుఁ దెలియును. ఎచ్చట నాఁగవలెనో వీరభద్రాలయమందలి యా శిలాశాసనము తెలుపుచున్నది.