వంటబల్ల ముందు స్టూలు ఎత్తెంత?

ఎత్తైన స్టూలుపై కొంతసేపు కూర్చున్న తరువాత కాళ్ళు తిమ్మిరెక్కుట మనలో చాలమందికి అనుభవమే. తప్పు స్టూలుదా, బల్లదా? నిజానికి రెండింటికీ, మన శరీరానికీ నడుమ కుదరవలసిన లెక్కది. ఆ లెక్కకు నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదు.

కర్మాగారాలలో శ్రమను కొలిచే పద్ధతిని వంటింటికి తెచ్చినవారిలో అమెరికా రచయిత్రి క్రిస్టీన్ ఫ్రెడరిక్ ముఖ్యురాలు. వంగి పనిచేయుట వలన శక్తి వృథా అగుననీ, పనిచేయువారి పొడవును బట్టి బల్ల ఎత్తు ఉండవలెననీ 1910ల నాటి తన రచనలలో ఆమె వాదించారు.

ఆ రచనలు చదివిన ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె ష్యుటె-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు గృహాలకై ఒక వంటగదిని రూపొందించారు. దాని వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. కిటికీ వద్ద పనిబల్ల, దానిముందు ఎత్తు మార్చుకొనదగిన తిరుగుడు స్టూలు. ఇట్టి వంటగదులు సుమారు 10,000 నిర్మింపబడినవి. అక్కడ మనిషికి తగినట్లు స్టూలే మారేది.

తరువాత అమెరికాలో వంటబల్ల ఎత్తు 36 అంగుళాలుగా స్థిరపడినది. ఇది నిలబడి పనిచేయుటకు తగిన ఎత్తు. గది నడుమ, చుట్టూ చోటు విడిచి కట్టిన బల్లకు 'ఐలండ్', అనగా ద్వీపము, అని పేరు. దానివద్దనే కూర్చొని భుజించుట వాడుకయైనపుడు స్టూలు కూడ ఎత్తు పెరిగినది.

ఎంత పెరుగవలెను? మామూలు భోజనపు బల్ల 30 అంగుళాలు, కుర్చీ 18 అంగుళాలు; తేడా 12. తొడలు క్రింద ఇముడుటకు, మోచేతులు పైన ఆనుటకు 10 నుండి 12 అంగుళాల తేడా కావలెను. కావున 36 అంగుళాల బల్లకు 24 నుండి 26 అంగుళాల స్టూలు తగును. మనిషికి 24 అంగుళాల వెడల్పు, మోకాళ్ళకు బల్లక్రింద 15 అంగుళాల లోతు విడువవలెను.

ఇంకొక చిక్కు మిగిలినది. మోకాలి మడత నుండి అరికాలి వరకు 16 అంగుళాలున్న వ్యక్తి 25 అంగుళాల స్టూలుపై కూర్చున్నచో, పాదాలు నేలకు 9 అంగుళాల పైన వ్రేలాడును. కాళ్ళ బరువుకు స్టూలు అంచు తొడలను నొక్కి, నరాలను, రక్తప్రసారాన్ని అడ్డగించును. తిమ్మిరికి కారణమిదే. ఆ 9 అంగుళాల ఎత్తున పాదాలకు ఒక అడ్డుకమ్మీ అమర్చిన చాలును.

బల్లలన్నీ ఒకే ఎత్తున చేయుట సులభము; మనుష్యులు మాత్రము ఒకే ఎత్తున లేరు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ కొలత తీయించి, బెంచీ ఎత్తుతో పోల్చి చూడవచ్చును. ఎందరి పాదాలు నేలకు ఆనుటలేదో అప్పుడే తెలియును.